జ్వరం రద్దు

"ఒంట్లో బాగాలేనివాడు పనిలోకి రావడమంటే జాతీయాదాయానికి వెన్నుపోటు పొడవడమే!"

ప్రొఫెసరుగారు ఈ మాటని అద్దంలోకి చూస్తూ, కుడిచెయ్యి పైకెత్తి, గంభీరంగా అన్నారు. గంభీరంగానే అన్నారుగానీ, నోట్లో థర్మామీటరు ఉండటంవల్ల వెన్నుపోటు కాస్తా పంటికీ పెదవికీ మధ్య ఇరుక్కుపోయింది. ఆయన భార్య వచ్చి థర్మామీటరు లాక్కుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"నూట రెండు" అంది.

"అది పాతదోయ్. ఓ రెండు డిగ్రీలు తగ్గించి చూడు."

"తగ్గించడానికి ఇదేమన్నా బేరమాడే సరుకా? పడుకోండి."

"పడుకోవడమా! ఇవాళా!" అని ప్రొఫెసరుగారు చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టారు. పై గుండీ కింది కాజాలోకి పోయింది. ఆవిడ చూసింది కానీ సరిచెయ్యలేదు.

ప్రొఫెసరుగారు సామాన్యులు కారు. ఆరోగ్యానికీ ఉద్యోగానికీ ఉన్న లంకె మీద ఆయన చేసినన్ని పరిశోధనలు ఇంకెవరూ చెయ్యలేదు. రోగం గురించీ, జీతం గురించీ ఆయనకి తెలిసినంత రోగికీ తెలియదు, జీతగాడికీ తెలియదు. ఆయన కనిపెట్టిన సిద్ధాంతం చాలా సులువైనది. జబ్బు చేసి ఇంట్లో పడుకున్నవాడి వల్ల వాడొక్కడి పనే ఆగుతుంది. అదే వాడు మూలుగుతూ పనిలోకి వచ్చాడనుకోండి, సగం పని చేస్తాడు, ఆ సగంలో సగం తప్పు చేస్తాడు, ఆ తప్పు దిద్దడానికి పక్కవాడు తన పని మానుకుంటాడు, దిద్దినందుకు ప్రతిఫలంగా ఆ పక్కవాడికి జబ్బు అంటుకుంటుంది. దీన్నంతా లెక్కగట్టి, చివర ఆయనొక వాక్యం రాశారు. 'పనికి రాని రోగికన్నా పనికొచ్చిన రోగే ఎక్కువ పనికిరానివాడు.' ఈ వాక్యాన్ని చదివి దేశదేశాల ఆర్థికవేత్తలు తలలూపారు. కనక కుట్టుపని చేసేవాళ్లకీ, గోదాముల్లో మూటలు మోసేవాళ్లకీ, హోటళ్లలో వంట చేసేవాళ్లకీ, కాంట్రాక్టు మీద పనిచేసే ప్రతివాళ్లకీ జీతంతో కూడిన జబ్బు సెలవు ఇచ్చి తీరాలని ప్రొఫెసరుగారి వాదం.

దీనికోసం ప్రభుత్వం ఒక కమిటీని వేసింది. ఆ కమిటీ ఇవాళ ప్రొఫెసరుగారి పరిశోధనా సంస్థకి వచ్చి, ఆయన మాట విని, సెలవు ఇవ్వాలో వద్దో తేల్చెయ్యబోతోంది.

"మీ వ్యాసం అచ్చుతప్పులు దిద్దింది నేనేనండీ" అంది భార్య. "ఆరో పేజీలో మీరే రాశారు, జ్వరంతో పనిలోకి వెళ్లేవాడు తనకీ శత్రువే, తోటివాళ్లకీ శత్రువే అని."

"ఆ పేజీ కార్మికుల గురించి."

"మరి మీరెవరు?"

"ఆర్థికవేత్తని!"

ఆవిడ ఒక జ్వరం మాత్ర తెచ్చి అరచేతిలో పెట్టింది. ఆయన ఇంకో మాత్ర కూడా అడిగి పుచ్చుకున్నారు.

నిజానికి ఆయన పడుకోలేకపోవడానికి బలమైన కారణమే ఉంది. సంస్థ డైరెక్టరుగారు నెలాఖరుకి రిటైరవుతున్నారు. ఆ కుర్చీ మీద ఇద్దరి కళ్లున్నాయి. ఒకరు మన ప్రొఫెసరుగారు, రెండోవారు డిప్యూటీ డైరెక్టరుగారు. కుర్చీ ఎవరికివ్వాలో చెప్పేది కమిటీ అధ్యక్షులవారే. ఇవాళ ప్రొఫెసరుగారు రాకపోతే వేదికెక్కేది డిప్యూటీగారు. ఆయనకి పరిశోధన లేదు, పట్టికల్లేవు, ఉన్నదల్లా ఒక్క నమ్మకం. "సెలవు ఇచ్చి చూడండి, జ్వరం దానంతటదే వస్తుంది. సెలవు తీసేసి చూడండి, దానంతటదే పోతుంది" అని ఆయన క్యాంటీన్లో కనబడ్డవాళ్లందరికీ చెబుతుంటారు. ఇంత అన్యాయమైన మాట వేదిక మీద నుంచి వినబడకూడదంటే ప్రొఫెసరుగారు జ్వరంతోనైనా వెళ్లక తప్పదు. కార్మికలోకం కోసమే వెళ్తున్నానని ఆయన మెట్లు దిగుతూ తనకి తను నచ్చజెప్పుకున్నారు. కుర్చీ సంగతి ఆ సమయంలో ఆయన తలుచుకోలేదు. తలుచుకోవలసిన అవసరం లేకుండా అదెప్పుడూ మనసులోనే ఉంది.

ఇంతకీ ఆ జ్వరం ఎక్కడిదో కూడా చెప్పాలి.

ప్రొఫెసరుగారి దగ్గర ఒక సహాయకురాలు పనిచేస్తుంది. ఆయన పుస్తకాలకీ వ్యాసాలకీ కావలసిన పట్టికలన్నీ వేసేది ఆమే. అందుకని సంస్థలో అందరూ ఆమెని పట్టికల అమ్మాయి అంటారు. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి కొత్త డైరెక్టరో పాత డైరెక్టరో సంతకం పెడితేనే కొనసాగుతుంది. కిందటి వారం ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ ప్రొఫెసరుగారి గదిలోకి వచ్చింది.

"సార్, ఒళ్లు కాలిపోతోంది. రెండ్రోజులు ఇంటి దగ్గర పడుకుంటాను సార్."

"నిక్షేపంగా పడుకోవచ్చు తల్లీ!" అన్నారు ప్రొఫెసరుగారు. "అది నీ హక్కు. ఆ హక్కు కోసమే గదా నా జీవితం ధారపోస్తున్నాను."

"థాంక్యూ సార్."

"కానీ..."

ప్రొఫెసరుగారి ఉపన్యాసాలు విన్నవాళ్లకి ఈ 'కానీ' బాగా పరిచయమే. అప్పటిదాకా ఇచ్చిందంతా ఆ మాటతో వెనక్కి వచ్చేస్తుంది.

"కానీ కమిటీ వచ్చేలోపల అంటువ్యాధుల పట్టిక పూర్తికావాలి. పనిచేసే చోట ఒకరి జ్వరం ఇంకొకరికి ఎలా పాకుతుందో చూపించే పట్టిక అది. అసలు ప్రసంగానికి గుండెకాయ అదేనమ్మా. నువ్వు పడుకుంటే ఎవరు చేస్తారు? పోనీ ఒక పని చెయ్యి. అంత దూరం కూర్చోవద్దు, నా బల్లకి ఎదురుగా కూర్చుని చెయ్యి. నేను కనిపెట్టుకుని ఉంటాను."

అలా ఆ అమ్మాయి వారం పొడుగునా ఆయనకి ఎదురుగా కూర్చుని, తుమ్ముతూ, దగ్గుతూ, జ్వరం ఎలా పాకుతుందో లెక్కలు వేసింది. మధ్యలో రెండుసార్లు కూడికలు తప్పాయి. ప్రొఫెసరుగారు ఓపిగ్గా దిద్దారు. వారం తిరిగేసరికి పట్టిక పూర్తయింది. దాంతోపాటు జ్వరం బల్ల దాటింది.

సంస్థ గుమ్మంలోనే డిప్యూటీగారు ఎదురయ్యారు.

"ఏంటి ప్రొఫెసరుగారూ, ఇంత ఉక్కలో మఫ్లరేంటి?"

"ఊరికే. బాగుంటుందని."

"కళ్లు ఎర్రబడ్డాయి."

"రాత్రంతా చదివాను."

"పాపం! ఒంట్లో బాగాలేకపోతే మొహమాటపడకండి. మీ ప్రసంగం నేను చదివేస్తాను." డిప్యూటీగారి గొంతులో అంత దయ మునుపెన్నడూ వినబడలేదు.

"నాకేమీ లేదు!" అన్నారు ప్రొఫెసరుగారు, అన్నాక పక్కనున్న స్తంభాన్ని పట్టుకుని కాసేపు నిలబడ్డారు.

పది దాటగానే కమిటీ దిగింది. అధ్యక్షులవారు పెద్ద పెద్ద పదవులన్నీ చేసి రిటైరై, రిటైరవడం నచ్చక కమిటీల్లోకి వచ్చిన మనిషి. ప్రొఫెసరుగారితో చేయి కలిపి, ఉలిక్కిపడ్డారు.

"చెయ్యి వెచ్చగా ఉందే!"

"ఆప్యాయత సార్" అన్నారు ప్రొఫెసరుగారు.

అధ్యక్షులవారు ఎంతో సంతోషించి, రెండో చెయ్యి కూడా కలిపారు.

ప్రసంగం మొదలైంది. ప్రొఫెసరుగారు ఇన్నేళ్లలో ఎన్నో ప్రసంగాలు చేశారు గానీ ఇలాంటిది చెయ్యలేదు. జ్వరం తలకెక్కినకొద్దీ ఆయన మాటలకి వేడి పుట్టింది. జ్వరంతో కుట్టుమిషను ముందు కూర్చున్న ఆడమనిషి గురించి చెబుతుండగా ఆయన కళ్లవెంట నీళ్లు ధారగా కారాయి. జలుబుకి కారాయని ఆయనకొక్కడికే తెలుసు. ముందువరసలో సభ్యులు రుమాళ్లు తీశారు. ఆ తరవాత పట్టికల అమ్మాయి తెర మీద అంటువ్యాధుల పట్టిక చూపించింది. "ఒక్క మనిషి! ఒకే ఒక్క తుమ్ము!" అని ప్రొఫెసరుగారు చెయ్యెత్తారో లేదో, లోపలినుంచి ఎప్పుడో బయల్దేరిన తుమ్ము ఒకటి ఆగకుండా వచ్చి, మైకుని దాటుకుని, ముందువరస మొత్తం మీద పడింది.

ప్రొఫెసరుగారి ముఖాన నెత్తురు చుక్క లేదు.

"ఇది... ఇది ఉదాహరణ" అన్నారు.

చప్పట్లు మారుమోగిపోయాయి! ఇంత కళ్లకి కట్టినట్టు అర్థశాస్త్రం చెప్పినవాళ్లని తానింతవరకూ చూడలేదని అధ్యక్షులవారు ముఖం తుడుచుకుంటూ అన్నారు. పనివాళ్లకి సెలవు వచ్చేసినట్టేనని అందరికీ అనిపించింది. పట్టికల అమ్మాయికి కూడా అనిపించింది. ఆ సెలవు వస్తే మొట్టమొదట వాడుకునేది తనే కదా మరి. వెనక కుర్చీలో డిప్యూటీగారు మాత్రం గోళ్లు చూసుకుంటూ కూర్చున్నారు.

కానీ టీ విరామం ఒకటి ఉంటుంది గదా, అక్కడ వచ్చింది తంటా. టీ కప్పు పట్టుకుని వరండాలో పచార్లు చేస్తున్న అధ్యక్షులవారి కళ్లు గోడ మీద పడ్డాయి. ఆ గోడకి ఈ చివరనుంచి ఆ చివరదాకా వరసగా ఫోటోలు. అది ఈ సంస్థకే ఉన్న ఆచారం. ఏడాది పొడుగునా ఒక్క జబ్బు సెలవైనా పెట్టనివాళ్లకి ఏటేటా ఒక షీల్డు ఇచ్చి, ఫోటో తీసి గోడకి తగిలిస్తారు. జబ్బు సెలవు మీద దేశంలో అన్నిటికన్నా ఎక్కువ పరిశోధన జరిగే చోట ఈ ఆచారమేమిటని ఇన్నాళ్లూ ఎవరికీ తోచలేదు. తోచకపోవడానికి కారణం, అందరూ ఆ షీల్డు కోసం పోటీలో ఉండటమే. అందరికన్నా ఎక్కువ ఫోటోలు ప్రొఫెసరుగారివి. ఆ గోడ వెంబడి నడుచుకుంటూ పోతే ఆయన జుట్టు నల్లగా ఉండి, నెరిసి, పలచబడి, పూర్తిగా సెలవు తీసుకున్న వైనమంతా తెలుస్తుంది.

డైరెక్టరుగారు గర్వంగా వివరించారు. అధ్యక్షులవారు టీ చల్లారిపోయేదాకా విన్నారు. హాల్లోకి తిరిగొచ్చి కూర్చున్నారు.

"డైరెక్టరుగారూ, ఈ ఏడు మీ సంస్థలో ఎంతమంది జబ్బు సెలవు పెట్టారు?"

"ఒక్కరూ లేరు సార్!" డైరెక్టరుగారి గొంతు ఖంగుమంది.

"అంటే ఎవరికీ జబ్బు చెయ్యలేదా, చేసినా వచ్చారా?"

డైరెక్టరుగారు ప్రొఫెసరుగారి వైపు చూశారు.

"ఎందుకడుగుతున్నానంటే," అన్నారు అధ్యక్షులవారు తాపీగా, "జబ్బే చెయ్యకపోతే సెలవు అక్కర్లేదు. చేసినా వచ్చి, పని సజావుగా సాగిపోతే, అప్పుడూ అక్కర్లేదు. ఈ విషయం మీకన్నా తెలిసినవాళ్లు లేరు. మీరే సెలవు పెట్టట్లేదు. మరి మూటలు మోసేవాడికెందుకండీ?"

ఈ ప్రశ్నకి జవాబుంది. ప్రొఫెసరుగారి నాలుక చివరనే ఉంది. 'అయ్యా, జబ్బూ చేసింది, వచ్చాం కూడా, పనీ చెడింది. నాకిప్పుడు నూట రెండు జ్వరం. ఇది ఈ అమ్మాయికి సెలవు ఇవ్వకుండా ఎదురుగా కూర్చోబెట్టుకున్నందుకు నాకంటుకుంది. ఎల్లుండికల్లా మీ అందరికీ ఉంటుంది.' అంతే! ఆ నాలుగు ముక్కలు చెబితే చాలు, ఏ పట్టికా అవసరం లేదు. లక్షలమందికి సెలవు వచ్చేస్తుంది.

కుర్చీ మాత్రం రాదు.

ఆయన పట్టికల అమ్మాయి వైపు చూశారు. ఆ పిల్ల కూడా ఆయన వైపే చూస్తోంది. చెప్పండి సార్, మీరు చెబితే నేనూ చెబుతాను అన్నట్టున్నాయి ఆ ఎర్రటి కళ్లు. మనసులో ఉన్నది మంచితనమే, అది ఇప్పుడు గొంతుదాకా వచ్చింది. లేచి నిలబడ్డారు.

"సార్... నేను..."

"ఏంటి ప్రొఫెసరుగారూ," అన్నారు డిప్యూటీగారు వెనకనుంచి, తేనెలొలికిస్తూ, "ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది!" అని అరిచారు ప్రొఫెసరుగారు. "దివ్యంగా ఉంది! నాకెప్పుడూ ఏమీ రాదు!"

"మీకెలా ఉందమ్మా?" అని అధ్యక్షులవారు పట్టికల అమ్మాయినడిగారు.

ఆ అమ్మాయి ఒక్క క్షణం ప్రొఫెసరుగారి ముఖంలోకి చూసింది. ఆయన మఫ్లరు సర్దుకుంటున్నారు.

"నాకూ బాగానే ఉంది సార్" అంది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే ప్రొఫెసరుగారు మంచమెక్కారు. భార్య తడిగుడ్డ నుదుటిమీద వేస్తూ, "ఏం తేల్చారు?" అని అడిగింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. సిగ్గుగా ఉందని చెప్పాలనుకున్నారు, గొంతు పెగల్లేదు. గొంతునొప్పి అనుకుని ఆవిడ వేడినీళ్లు కాచి ఇచ్చింది.

నెలాఖరుకి కుర్చీ ప్రొఫెసరుగారికే వచ్చింది. అంతటి మేధావి, అంతటి దృఢకాయుడు మరొకరు లేరని అధ్యక్షులవారు రాశారు. కమిటీ నివేదిక మాత్రం అనుకున్న తేదీకి రాలేదు. ఆలస్యానికి క్షమాపణ చెబుతూ ముందొక ఉత్తరంముక్క వచ్చింది. సంస్థని చూసి వెళ్లిన మూడోనాటి నుంచి అధ్యక్షులవారూ, సభ్యులందరూ జ్వరాలతో మంచాలెక్కారట. డాక్టర్ల సలహా మేరకు పూర్తి జీతంతో సెలవులో ఉండి, బాగా విశ్రాంతి తీసుకుని, కోలుకుని, ఆ తరవాత తీరిగ్గా నివేదిక పూర్తి చేశారు. కాంట్రాక్టు పనివాళ్లకి జబ్బు సెలవు అనవసరమని అందులో సిఫారసు చేశారు. అంతేకాదు, ప్రొఫెసరుగారి సంస్థని ఆదర్శంగా తీసుకుని, ఎలాగూ ఎవరూ వాడుకోవడం లేదు కనక, అక్కడున్న పాత జబ్బు సెలవులు కూడా ప్రయోగాత్మకంగా రద్దు చేశారు!

నివేదిక ఇంటికి తెచ్చిన రోజున ఆయన భార్య దాన్ని మొదట్నించీ చివరిదాకా చదివింది.

"అచ్చుతప్పులేం లేవండీ" అని మడిచి ఇచ్చేసింది.

ఆ తరవాత ఒక అద్భుతం జరిగింది. సంస్థలో జబ్బనేది మాయమైపోయింది. పూర్వం ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే సెలవు అర్జీ వల్ల తెలిసే వీలన్నా ఉండేది. ఇప్పుడు సెలవే లేదు కనక అర్జీ లేదు, అర్జీ లేదు కనక జబ్బు లేదు. వరండాలో దగ్గులూ, మెట్లమీద మూలుగులూ, క్యాంటీన్లో తుమ్ములూ వినబడుతూనే ఉన్నాయిగానీ అవేవీ లెక్కలోకి వచ్చేవి కావు. డిప్యూటీగారు ఎదురైనప్పుడల్లా "చెప్పలేదా నేను!" అన్నట్టు చిరునవ్వు నవ్వుతారు. నవ్వుతూ నవ్వుతూ దగ్గుతారు.

ఈ వార్త పైవాళ్లకి చేరింది. మందూ మాకూ లేకుండా, ఒక్క ఉత్తర్వుతో జ్వరాన్ని నిర్మూలించిన తొలి సంస్థ అని అభినందించారు. ఇంకెన్ని చోట్ల ఇలా చెయ్యవచ్చో వివరిస్తూ ప్రొఫెసరుగారినే పెద్ద వ్యాసం రాయమన్నారు.

ప్రొఫెసరుగారు డైరెక్టరు కుర్చీలో కూర్చుని చాలాసేపు ఆలోచించారు. ఆవేళ ఆయనకి మళ్లీ ఒళ్లు వెచ్చగానే ఉంది. బెల్లు కొట్టి పట్టికల అమ్మాయిని పిలిపించారు. కాంట్రాక్టు మీద ఇంకో ఏడాదికి ఆయనే సంతకం పెట్టారు, ఆ మాత్రం మంచి చేశానన్న తృప్తి ఒకటి ఉంది. ఆ అమ్మాయి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. నిలబడలేక తలుపు పట్టుకుంది.

"రామ్మా, కూర్చో. కొత్త పట్టిక వెయ్యాలి. మన సంస్థలో ఎవరెవరికి ఒంట్లో ఎలా ఉందో ప్రతి ఒక్కరినీ అడగాలి. ముందు నీతోనే మొదలుపెడదాం."

ఆ పిల్ల ముఖం వాలిపోతోంది. అది తనవల్లేనని ఆయనకి తెలుసు. ఈ అమ్మాయి ఒక్కతి నిజం చెబితే చాలు, నివేదిక చించేస్తాను, పైవాళ్లకి ఉన్నదున్నట్టు రాసేస్తాను, కుర్చీ పోతే పోయింది అనుకున్నారు. ఆ క్షణంలో ఆయన మనస్ఫూర్తిగానే అనుకున్నారు.

"భయపడకు తల్లీ. నిజం చెప్పు. నీకెలా ఉంది?"

పట్టికల అమ్మాయి బల్లమీదున్న మాత్రల పొట్లం చూసింది. ఆయన మెడచుట్టూ ఉన్న మఫ్లరు చూసింది. ఎర్రబడ్డ ముక్కు చూసింది. కలం తీసింది.

"ముందు మీకెలా ఉందో చెప్పండి సార్" అంది. "అందరికీ అలాగే ఉంది."

ప్రొఫెసరుగారు కిటికీలోంచి బయటికి చూశారు. కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి, గొంతు సవరించుకున్నారు.

"నాకు బాగానే ఉందమ్మా" అన్నారు.

ఆ అమ్మాయి ఆ మాట మొదటి గడిలో రాసి, కింద ఉన్న గడులన్నిటిలోకీ అదే దించేసింది.